నీడకు నాదం

మాటలు లేని సినిమాలను మనవారు ‘మూకీలు’ అన్నారు. ‘టాకీ’ అనే ఇంగ్లీషు మాటకు జతగా, ‘మూక’ అనే సంస్కృత శబ్దాన్ని దానికి తగినట్టు మలచి చేసుకొన్న పదం ఇది. మూకం అంటే మూగది. పదం ముచ్చటగానే ఉంది. అయితే మూగది ఫిలిం మాత్రమే. ఆ ఫిలింను ఆడించే హాలు మూగగా ఉండేది కాదు.

మూకీల కాలంలో తెర పక్కనో, తెర ముందరి పల్లంలోనో వాద్యకారులు కూర్చునేవారు. యూరపులోని పెద్ద నగరాలలో పదుల మంది వాద్యకారులు గల బృందాలు ఉండేవి. చిన్న ఊళ్లలో ఒక్క పియానోతో సరిపెట్టేవారు. మన దేశంలో హార్మోనియం, తబలా ఆ పని చేసేవి. బొమ్మ ఒకచోట, ధ్వని మరొకచోట పుట్టి, చూసేవారి మనసులో రెండూ ఏకమయ్యేవి. తోలుబొమ్మలాట చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. తెర మీద నీడ కదులుతుంది. పాటా, మద్దెలా, తాళాలూ తెర వెనుక నుంచి వినిపిస్తాయి. యుద్ధఘట్టం వచ్చేసరికి ఆటగాళ్లు కాళ్ల కింద చెక్కలను టకటకలాడిస్తారు. కర్ణాటకలో తొగలు గొంబెయాట, ఒడిశాలో రావణఛాయ – పేరు ఏదైనా, నీడకు పక్కనుంచి ధ్వని తోడు కావడం అన్నిటిలోనూ ఉంది.

సంగీతం ఫిలిం మీద లేకపోవడం వల్ల ఒక చిక్కు వచ్చింది. ఫిలిం చుట్టలను భద్రపరిస్తే బొమ్మ దక్కుతుంది. ఆనాడు హాలులో మోగిన సంగీతం మాత్రం, ఎవరైనా స్వరాలు రాసి దాచి ఉంటే తప్ప, ఆట ముగియగానే పోతుంది. అందువల్ల పాత మూకీని నేడు మళ్లీ చూపాలంటే చాలాసార్లు దానికి కొత్తగా సంగీతం కూర్చవలసి వస్తుంది. హాస్యచిత్రానికైతే ఈ పని కొంత సులువు. పడటం, లేవడం, తరుముకోవడం ఏ కాలం వారినైనా నవ్విస్తాయి. భయానక చిత్రానికి అలా కాదు. నూరేళ్ల కిందటి పిశాచాన్ని చూసి నేటి ప్రేక్షకుడు భయపడవచ్చు. పకపకా నవ్వనూ వచ్చు. ఈ రెంటిలో ఏది జరుగుతుందన్నది చాలావరకు సంగీతకర్త చేతిలో ఉంటుంది. బొమ్మ తీసినవాడు ఎన్నడో గతించాడు. ఇది తప్పు, అది ఒప్పు అని చెప్పడానికి రాడు. బరువంతా కొత్తగా వచ్చినవాడిదే.

ఇటువంటి చిత్రాలలో మిక్కిలి పేరు పొందింది ‘నోస్ఫెరాటు’. జర్మనీలో ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ దర్శకత్వంలో తయారై, 1922 మార్చి 4న బెర్లిన్ జంతుప్రదర్శనశాలలోని సభామందిరంలో ప్రదర్శితమైంది. కథ చిన్నది. హుట్టర్ అనే యువకుడు ఇల్లు అమ్మే పని మీద కొండల్లోని ఒక కోటకు వెళ్తాడు. ఆ కోట యజమాని ఓర్లాక్ ప్రభువు రక్తం తాగే పిశాచం. ఓర్లాక్ శవపేటికలో దాగి, ఓడ మీద హుట్టర్ ఉండే పట్టణానికి వస్తాడు. అతడితో ఎలుకలు, ఎలుకలతో మహమ్మారి వస్తాయి. చివరకు హుట్టర్ భార్య ఎలెన్ తన ప్రాణాన్ని ఒడ్డి, తెల్లవారేదాకా ఆ పిశాచాన్ని తన గదిలో నిలిపివేస్తుంది. ఎండ తగిలి ఓర్లాక్ మాయమవుతాడు. ఆమె కూడా కన్నుమూస్తుంది. ఓర్లాక్‌గా నటించినవాడు మాక్స్ ష్రెక్. బట్టతల, గబ్బిలం చెవులు, కొంకి గోళ్లు. చిత్రమంతటిలో అతడు కనిపించేది పది నిమిషాల లోపే. మిగిలిన సేపంతా అతడు ఎక్కడో ఉన్నాడనే శంకే ప్రేక్షకుణ్ణి పట్టి ఉంచుతుంది. కనిపించని ఓర్లాక్‌ను అక్కడ ఉన్నట్టు తోపించడం సంగీతం పని.

ఈ చిత్రానికి మొదటి సంగీతం హాన్స్ ఎర్డ్‌మన్ రాశాడు. అది మనకు పూర్తిగా దక్కలేదు. చిత్రమే దక్కకుండా పోవలసింది! ఐర్లండుకు చెందిన బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన ‘డ్రాక్యులా’ నవలను అనుమతి లేకుండా, పేర్లు మార్చి, ఈ చిత్రంగా తీశారు. స్టోకర్ భార్య న్యాయస్థానానికి ఎక్కింది. ప్రతులన్నిటినీ నాశనం చేయాలని 1925లో తీర్పు వచ్చింది. అప్పటికే కొన్ని ప్రతులు దేశాలు దాటి పోవడం వల్ల బొమ్మ బతికింది. ఎర్డ్‌మన్ సంగీతంలో మిగిలింది, 1926లో అతడు అచ్చువేసిన పది భాగాల స్వరమాలిక. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క మనఃస్థితిని సూచించే పేరు ఉంది. ఏ చిత్రానికి కావాలంటే ఆ చిత్రానికి హాళ్లలోని వాద్యకారులు వాడుకోవడానికి వీలుగా దాన్ని అచ్చువేశాడు. ఆనాడు ఇటువంటి సంపుటాలకు గిరాకీ ఉండేది. తుఫానుకు ఒకటి, విరహానికి ఒకటి, పరుగుకు ఒకటి వాయించుకొనేవారు. తరువాతి సంగీతజ్ఞులు ఈ పది భాగాలనే మళ్లీ మళ్లీ పేర్చి, సాగదీసి, చిత్రమంతటికీ సరిపడేలా పునర్నిర్మించారు.

మరికొందరు పూర్తిగా కొత్తది రాయడానికి పూనుకొన్నారు. ఫ్రాన్సుకు చెందిన ‘ఆర్ట్ జోయ్‌డ్’ బృందం 1980ల చివరలో విద్యుత్ వాద్యాలతో ఒక సంగీతం చేసింది. ఇంగ్లండుకు చెందిన జేమ్స్ బెర్నార్డ్ 1997లో, డెబ్బయి ఏళ్లు దాటిన వయసులో, పెద్ద వాద్యబృందం కోసం మరొకటి రాశాడు. బొమ్మ ఒక్కటే, సంగీతాలు అనేకం. ఒక కావ్యానికి అనేక వ్యాఖ్యానాలు ఉండటం వంటిది ఇది. మెదక్ సీమకు చెందిన కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాస్తూ, మూలంలో ఆధారం లేని మాట ఒక్కటీ రాయనని ముందే చెప్పుకొన్నాడు. మూకీకి సంగీతం కూర్చేవాడికి అంతకంటె మంచి నియమం దొరకదని నా అభిప్రాయం. ఆధారం ఎక్కడ వెతకాలి? బొమ్మలోనే వెతకాలి.

ముందుగా బొమ్మ వేగం తేల్చుకోవాలి. ఇది లెక్కల సంగతి గనుక కొంచెం నిదానంగా చదవండి. సినిమా అంటే వరుసగా కదిలే నిశ్చల చిత్రాలు. ఒక్కొక్క దానిని ఫ్రేము అంటారు. టాకీలు వచ్చాక సెకనుకు 24 ఫ్రేములు అనే కొలత స్థిరపడింది. మూకీల కాలంలో కెమెరాకు ఉన్న పిడిని చేత్తో తిప్పేవారు. సెకనుకు 16 నుంచి 20 దాకా, తిప్పే చేతిని బట్టి, ఫ్రేములు పడేవి. ‘నోస్ఫెరాటు’ను సెకనుకు 18 ఫ్రేముల చొప్పున ఆడిస్తే సుమారు 94 నిమిషాలు నడుస్తుంది. అదే ఫిలింను 24 చొప్పున ఆడిస్తే 70 నిమిషాలకే అయిపోతుంది. మనుషులు గబగబా, కీలుబొమ్మల్లా నడుస్తారు. పాత సినిమాలు చూసి మనం నవ్వడానికి సగం కారణం ఈ వేగమే. భయానక చిత్రం నవ్వులపాలు కావడానికి ఇంతకంటె దగ్గరి దారి లేదు.

వేగం తేలాక, ఏ సన్నివేశం ఎన్ని సెకన్లో పట్టిక రాసుకొంటారు. ఒక సన్నివేశంలో 720 ఫ్రేములు ఉన్నాయనుకోండి. 18 చొప్పున అది 40 సెకన్లు. నిమిషానికి 72 దెబ్బల నడకలో తాళం వేస్తే 40 సెకన్లకు 48 దెబ్బలు పడతాయి. ఆదితాళానికి ఆవర్తనానికి ఎనిమిది అక్షరాలు గదా. సరిగ్గా ఆరు ఆవర్తనాలలో సన్నివేశం ముగుస్తుంది. నడకను నిమిషానికి 66 దెబ్బలకు తగ్గిస్తే 44 దెబ్బలే వస్తాయి. అంటే అయిదున్నర ఆవర్తనాలు. తాళం సగంలో ఉండగా తలుపు మూసుకొంటుంది. ఒక్కొక్కప్పుడు అదే కావాలి. వాక్యం పూర్తికాక ముందే ఎవరో మాటను తుంచినట్టు ఉంటుంది. నేడు కంప్యూటర్లు ఈ లెక్కలు క్షణంలో కడుతున్నాయి. ఏ లెక్క కావాలో ఎంచుకోవడం మాత్రం మనిషి పనే.

తరువాత పాత్రలు. బెర్నార్డ్ 1958లో ‘డ్రాక్యులా’ అనే టాకీకి సంగీతం రాసినప్పుడు ఒక చిన్న చమత్కారం చేశాడు. ఆ పేరును పలికే తీరునే స్వరాలలో పెట్టాడు. మూడు అక్షరాలకు మూడు స్వరాలు. మీరు ఛందస్సు నేర్చుకొన్నారు గనుక చూడండి: డ్రా గురువు, క్యు లఘువు, లా గురువు. రగణం! పాత్ర పేరు ఎవరూ పలకకపోయినా వాద్యాలు పలుకుతుంటాయి. మూకీకి ఈ ఉపాయం మరింత పనికివస్తుంది. ‘నోస్ఫెరాటు’ అనే పేరుకు గురులఘువులు గుర్తించి, బల్ల మీద వేళ్లతో కొట్టి చూడండి. గురువును ఎంతసేపు నిలిపితే పేరు బరువెక్కుతుందో, లఘువును ఎంత తేల్చితే వెన్నులో జలదరింపు కలుగుతుందో మీకే తెలుస్తుంది.

భయం అని ఒక్కమాటలో అంటున్నాం గాని, మన తెలుగులో దానికి ఎన్ని ఛాయలు! జంకు, బెదురు, ఉలికిపాటు, దిగులు, గగుర్పాటు, ఏవగింపు. సంగీతకర్త వీటిని వేరువేరుగా చూడాలి. ఎలెన్ సముద్రపు ఒడ్డున, ఇసుకలో పాతిన శిలువల నడుమ కూర్చుని, భర్త కోసం కెరటాల వైపు చూస్తుంది. అది దిగులు. అక్కడ గట్టిగా మోగే వాద్యం ఏదైనా అపచారమే. ఓడ అడుగుభాగంలో శవపేటిక నుంచి ఓర్లాక్ కర్రలాగా, మోకాలు గాని నడుము గాని వంచకుండా, నిలువునా లేస్తాడు. అది ఉలికిపాటు. ఎలుకలు పేటికల లోంచి బయటపడటం ఏవగింపు. అలంకారశాస్త్రం ప్రకారం భయానకానికి స్థాయిభావం భయం, బీభత్సానికి జుగుప్స. రెండూ వేరు రసాలు. నేటి చిత్రాలలో రెంటికీ ఒకే హోరు వాడటం చూస్తుంటాం. ఎలెన్ చనిపోయే ఘట్టం కరుణం. అక్కడా పిశాచపు సంగీతమే మోగిస్తే ఆమె త్యాగం కనబడదు. పిశాచం చావు మాత్రమే కనబడుతుంది. ఒక పాత్రకు దక్కవలసిన గౌరవం ఎవరి చేతిలో ఉందో గమనించండి.

భయపెట్టే స్వరాలు వేరే ఉన్నాయా? పాశ్చాత్యులు చిరకాలంగా కొన్నిటిని అలా వాడుతున్నారు. పక్కపక్క స్వరస్థానాలను రెంటిని ఒకేసారి మోగించడం, వయొలిన్ కమానును తీగ మీద వణికించడం, మంద్రస్థాయిలో ఒకే స్వరాన్ని విడవకుండా పట్టడం వంటివి అవి. ఆధార షడ్జంతో కలిపి, దానికి సరిగ్గా ఆరు మెట్లు పైన ఉన్న స్వరాన్ని పలికించడం మరొకటి. దానికి యూరపులో దయ్యపు స్వరం అన్నంత చెడ్డ పేరు పడింది. ఆ స్వరం ఏమిటో లెక్కపెట్టి చూస్తే, మన ప్రతిమధ్యమమే! కల్యాణి రాగానికి జీవం పోసేది అదే. కల్యాణి పాడగా విని మనలో ఎవరూ ఝడుసుకోరు. మంగళకరమైన రాగమని మెచ్చుకొంటాం. కాబట్టి భయం స్వరంలో నిలువ ఉండదు. దానికి ముందు ఏ స్వరం వచ్చింది, తరువాత ఏది రాకుండా పోయింది, ఆ సమయంలో తెర మీద ఏమున్నది – వీటి నుంచి పుడుతుంది. పరాయి దేశపు చిత్రానికి మనవారు సంగీతం కూర్చినా, మన చిత్రానికి వారు కూర్చినా ఈ సంగతి మరవరాదు.

మన చిత్రాల మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. హిమాంశు రాయ్ నిర్మించగా జర్మన్ దర్శకుడు ఫ్రాంజ్ ఓస్టెన్ మన దేశంలో తీసిన మూకీలకు ఈ శతాబ్దంలో కొత్త సంగీతం వచ్చింది. 1929 నాటి ‘ప్రపంచ పాశ్’ను 2007లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నితిన్ సాహ్నీ సంగీతంతో ప్రదర్శించారు. 1928 నాటి ‘షిరాజ్’కు అనుష్కా శంకర్ 2017లో సంగీతం కూర్చింది. తెలుగువారి మూకీకి ఆ భాగ్యం లేదు. మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు చూద్దామంటే లేదు. భారతదేశంలో తీసిన వెయ్యికి పైగా మూకీలలో మిగిలినవి బహు కొద్ది. న్యాయస్థానం తగులబెట్టమన్న చిత్రం మిగిలింది. ఎవరూ తగులబెట్టమనని చిత్రాలు పోయాయి.

మళ్లీ ‘నోస్ఫెరాటు’కు వద్దాం. ఆనాటి ఫిలింతో రాత్రిపూట ఆరుబయట చిత్రీకరించడం కష్టం. అందుకని రాత్రి సన్నివేశాలను పగలే తీసి, తరువాత ఫిలింను నీలిరంగు నీళ్లలో ముంచేవారు. నీలం కనబడితే రాత్రి, పసుపు కనబడితే పగలు, గులాబి రంగు వేకువ. చాలాకాలం ఈ చిత్రం రంగులు లేని ప్రతులలోనే ప్రచారంలో ఉంది. అందులో ఓర్లాక్ పట్టపగలు శవపేటిక చంకన పెట్టుకొని వీధుల వెంట నడుస్తున్నట్టు కనబడేది. ఎండలో చావవలసినవాడు ఎండలో షికారు చేస్తుంటే నవ్వక ఏం చేస్తారు? 2005-06లో పునరుద్ధరించిన ప్రతిలో రంగులు తిరిగి వచ్చాయి. సంగీతకర్తకు ఇవి గొప్ప ఆధారాలు. నీలం నుంచి గులాబికి మారే చోట స్థాయి గాని, వాద్యం గాని మారాలని మూర్నౌయే వచ్చి చెప్పినట్టు ఉంటుంది.

అన్నిటికంటె గట్టి చిక్కు ‘కనబడే ధ్వని’తో వస్తుంది. కోటలో హుట్టర్ భోజనం చేస్తుండగా గడియారం అర్ధరాత్రి కొడుతుంది. ఆ గడియారం మీద ఒక చిన్న అస్థిపంజరం బొమ్మ ఉంటుంది. గంట మోగడం కళ్లకు కనబడుతున్నది. దాన్ని వినిపించాలా? వినిపిస్తే పన్నెండు దెబ్బలూ వినిపించాలా? తెర మీది ప్రతి చర్యకూ ఒక ధ్వని పెడుతూ పోతే, కాలు వేస్తే ఒక దెబ్బ, తలుపు తీస్తే ఒక కిర్రు, చిత్రం పిల్లల కార్టూనులా తయారవుతుంది. ఒక్కటీ పెట్టకపోతే సంగీతం బొమ్మను పట్టించుకోనట్టు ఉంటుంది. అనుభవజ్ఞులు మధ్యేమార్గం తొక్కుతారు. అప్పటికే నడుస్తున్న తాళంలోని ఒక దెబ్బ గంటతో కలిసేలా ముందునుంచే లెక్కకట్టి తెస్తారు. చూసేవాడికి అది గంటో, తాళమో తేలదు. హుట్టర్‌కు కూడా ఏది నిజమో తేలని సమయం అది.

ఇక మౌనం. నడిరాత్రి హుట్టర్ తలుపు కొంచెం తెరిచి చూస్తాడు. దూరంగా, చీకటి సావడిలో ఓర్లాక్ కదలకుండా నిలబడి ఉంటాడు. అతడు ఏమీ చేయడు. కేవలం ఉంటాడు. హుట్టర్ తలుపు మూసి మంచం మీదికి పరుగెత్తి దుప్పటిలో ముఖం దాచుకొంటాడు. తలుపు తనంత తానే తెరుచుకొంటుంది. ఇక్కడ ఢమఢమ మోగించి ప్రేక్షకుణ్ణి కుర్చీలోంచి లేపడం ఎవరికైనా చేతనవుతుంది. అది బెదరించడం. బెదురు మూడు క్షణాలలో తీరి, పక్కవాడిని చూసి నవ్వు వస్తుంది. దానికి బదులు అంతవరకు సాగుతున్న సంగీతాన్ని, ఓర్లాక్ కనబడిన క్షణాన చటుక్కున ఆపివేస్తే? అరగంట సేపు చెవికి తోడుగా ఉన్నది లేకుండా పోతుంది. హాలులో పక్కవారి ఊపిరి వినబడుతుంది. హుట్టర్ ఎంత ఒంటరివాడో ప్రతివాడికీ అప్పుడు తెలుస్తుంది. అయితే ఈ మౌనాన్ని పదిసార్లు వాడితే చెల్లదు. ఒకసారి, మహా అయితే రెండుసార్లు.

చివరి ఘట్టంలో ఓర్లాక్ కనబడడు. మెట్ల పక్కన గోడ మీద అతడి నీడ పైకి ఎక్కుతుంది. నీడ చెయ్యి సాగి ఎలెన్ గుండె మీద పడి, పిడికిలి బిగుస్తుంది. ఇంతలో తెల్లవారుతుంది. తెర మీద ఒక కోడిపుంజు మెడ చాచి కూస్తుంది. ఓర్లాక్ తల ఎత్తుతాడు. కూత అతడికి వినబడింది; మనకు వినబడలేదు. కొందరు ఇక్కడ కోడికూతను పోలిన స్వరాలను బూరలో ఊదించాలంటారు. కొందరు దూరపు గుడిగంట వంటి ఒక్క నాదం చాలంటారు. ఏమీ వినిపించకుండా, ఓర్లాక్ ముఖం చూసే కూతను ఊహించుకొమ్మని ప్రేక్షకుడికి వదలడం మూడో దారి.

మీ బడిలో హార్మోనియం ఉంటే సరే, లేకపోతే ఘటమో, రెండు చెక్కలో, ఒక వేణువో చాలు. ఈ ఘట్టాన్ని ఒకరు నెమ్మదిగా చదువుతుండగా మరొకరు ధ్వనులు కూర్చండి. పుంజు కూసే చోట ఏం చేయాలో చదివేవారికి ముందుగా చెప్పవద్దు.